స్కిమ్మర్ సైజుకు డబ్బా మీది లీటర్లు కాదు, రోజూ వేసే మేత చూడండి

అడిగింది క్లుప్తంగా ఇదీ: 120×50×50 సెంటీమీటర్ల ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (కోరల్స్ పెంచేది), కింద 75×40 సెంటీమీటర్ల సంపు, అంటే ట్యాంకు నీరు దిగే, పరికరాలు పెట్టుకునే తొట్టె. సాఫ్ట్ కోరల్స్, కొన్ని ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి) కోరల్స్, ఆరు చేపలు: క్లౌన్‌ఫిష్ జంట, ఒక యెల్లో ట్యాంగ్, మూడు చిన్న చేపలు. కొనాల్సింది స్కిమ్మర్, అంటే గాలి బుడగల నురగతో నీటిలోని మురికిని పైకి లాగి కప్పులో పడేసే పరికరం. ఒక స్కిమ్మర్ మీద 500 లీటర్ల వరకు అని, ఇంకోదాని మీద 1000 లీటర్ల వరకు అని రాసి ఉంది. పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుంది కదా అన్నది సందేహం.

ఫిల్టర్ విషయంలో అది నిజం, స్కిమ్మర్ విషయంలో కాదు. మీకు 500 లీటర్లదే సరిపోతుంది. 1000 లీటర్లది పెడితే నీళ్లు ఇంకా శుభ్రపడకపోగా స్కిమ్మర్ నిలకడగా పని చేయదు. ఎందుకో తెలియాలంటే నెక్ (నురగ కప్పులోకి ఎక్కే మెడ గొట్టం) లోపల ఏం జరుగుతుందో చూడాలి.

చేపల వ్యర్థాల్లో, తినకుండా వదిలేసిన మేతలో, కోరల్స్ వదిలే జిగురులో ఉండే ప్రోటీన్లు, కొవ్వుల్లాంటి పదార్థాలకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నీటికి దూరంగా పోవాలని చూస్తుంది. గాలి బుడగ దొరగ్గానే ఇవి దాని చుట్టూ అతుక్కుంటాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి తొందరగా కలిసిపోవు, సన్నగానే ఉంటాయి. మంచినీటి ట్యాంకులో స్కిమ్మర్ పని చేయకపోవడానికి ముఖ్య కారణం ఇదే. స్కిమ్మర్ బాడీలో ఈ బుడగలు పాలలా తెల్లగా కనిపిస్తాయి. నెక్‌లోకి ఎక్కేకొద్దీ వాటి మధ్య నీరు కిందికి జారిపోతుంది, బుడగలు పెద్దవవుతాయి, వాటి గోడలు పలచబడి గోధుమరంగుకు తిరుగుతాయి. నీరు జారిపోయాక ఆ గోడలు పగలకుండా నిలబడేది వాటికి అంటుకున్న మురికి బలంతోనే. మురికి చాలకపోతే నురగ అంచు దాకా రాకముందే కూలిపోతుంది, ఎక్కిన మురికి కూడా మళ్లీ నీళ్లలోకే పోతుంది.

ఇప్పుడు నెక్ వెడల్పు లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల నెక్ అడ్డుకోత వైశాల్యం 78 చదరపు సెంటీమీటర్లు. 150 మిల్లీమీటర్లదైతే 177. వ్యాసం ఒకటిన్నర రెట్లు పెరిగితే నురగ నింపాల్సిన చోటు రెండు రెట్లు దాటింది. ఆరు చేపలు చేసే మురికి మాత్రం అంతే ఉంది. అందుకే అవసరానికి మించిన స్కిమ్మర్లో మూడు నాలుగు రోజులు కప్పు ఖాళీగా ఉండి, ఐదో రోజు మురికి పోగయ్యాక ఒక్కసారిగా పొంగుతుంది, మళ్లీ చప్పబడుతుంది. అది చూసి చాలామంది పంపు పాడైందనో, లోపలి నీటిమట్టాన్ని మార్చే వాల్వ్ సరిగా తిప్పలేదనో అనుకుని రోజూ తిప్పుతూ కూర్చుంటారు. అక్కడ తిప్పడానికి ఏమీ లేదు.

చిన్నదైతే తంతు వేరు. నురగ చక్కగానే ఎక్కుతుంది, కప్పులో చిక్కని నల్లటి ద్రవం పడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ట్యాంకులో పుట్టే మురికికి ఆ గాలి సరిపోదు. కప్పు ఒకటి రెండు రోజుల్లోనే నిండుతుంది, నెక్ మీద జిగురు పొర ఒక్కరోజులోనే మందంగా కట్టి నురగను ఆపేస్తుంది, ఆ మురికి కుళ్లగా మిగిలే నైట్రేట్ వారం వారం పాకుతూ పైకి పోతుంది. కొద్దిగా చిన్నదైతే నీళ్ల మార్పుతో సర్దుకోవచ్చు. కొద్దిగా పెద్దదైనా ఫరవాలేదు. రెండింతలు పెద్దదానితోనే ఇబ్బంది.

డబ్బా మీద లీటర్ల సంగతి. అన్ని కంపెనీలూ పాటించే కొలమానం ఏదీ దీనికి లేదు, ఎవరి అంచనా వారిది. కొందరు తక్కువ చేపలు, మధ్యస్థం, ఎక్కువ చేపలు అని మూడు అంకెలిస్తారు, ఎక్కువ చేపలకు చెప్పే అంకె తరచూ మొదటిదానిలో సగం దగ్గర ఉంటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం ఎప్పుడూ మొదటిదే. ఒకే ఒక్క అంకె రాసి ఉంటే అది దాదాపు ఖాళీ ట్యాంకుకు చెప్పిందనుకోండి. మామూలు రీఫ్ ట్యాంకుకు అందులో అరవై శాతం లెక్కేసుకోండి. అలా చూస్తే 500 లీటర్లది నిజానికి 300 లీటర్ల స్కిమ్మర్.

మీ దగ్గర నీళ్లెన్ని ఉన్నాయో చూద్దాం. 120×50×50 అంటే 300 లీటర్లని చెప్పేస్తాం, అది గాజు బయటి కొలత. 10 మిల్లీమీటర్ల గాజు తీసేస్తే లోపల 118×48. అడుగు గాజు ఒక సెంటీమీటరు, పైన వదిలిన ఖాళీ నాలుగు పోతే నీటి ఎత్తు 45. గుణిస్తే 255 లీటర్లు. 30 కిలోల రాళ్లు, 20 కిలోల ఇసుక కలిపి సుమారు 20 లీటర్ల చోటు తింటాయి, మిగిలింది 235. సంపులో 22 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 66 లీటర్లు. మొత్తం 301. మీ విషయంలో సంపు పుణ్యమా అని అంకె మళ్లీ 300 దగ్గరికే వచ్చింది. సంపు లేని ట్యాంకులో, రాళ్లు దట్టంగా పేర్చినచోట, నోటిలెక్కకూ అసలుకూ 70, 80 లీటర్ల తేడా మామూలే.

అయితే ఈ లీటర్లు సగం కథే. 300 లీటర్లలో రెండు చిన్న గోబీలు ఉన్న ట్యాంకుకూ, అదే 300 లీటర్లలో లయన్‌ఫిష్, ట్రిగ్గర్ లాంటి పెద్ద మాంసాహార చేపలు ఉన్న ట్యాంకుకూ స్కిమ్మర్ ఒకటి కాలేదు. తేడా అంతా మేతలో ఉంది. అందుకే కొనేముందు ఒక వారం పాటు వేసిన మేతను తూచండి. ఫ్రోజెన్ మేత, పెల్లెట్లు ఒకే లెక్క కాదు. ఫ్రోజెన్ మైసిస్‌లో (చిన్న రొయ్యల్లాంటి జీవులు) 85 శాతం దాకా నీరే ఉంటుంది. మూడు నాలుగు గ్రాముల క్యూబులో పొడి పదార్థం అర గ్రాము మాత్రమే. పెల్లెట్లలో 90 శాతం పైగా పొడి పదార్థమే. కాబట్టి ఒక గ్రాము పెల్లెట్లంటే దాదాపు రెండు క్యూబులు. చిటికెడే కదా అని రోజుకు నాలుగుసార్లు పెల్లెట్లు వేసే ఇంట్లో స్కిమ్మర్ ఎందుకు చాలట్లేదో ఇక్కడ తెలుస్తుంది. నోరీ (ఎండబెట్టిన సముద్రపు నాచు) షీట్లను, కోరల్స్‌కు వేసే పొడి మేతను కూడా లెక్కలో కలపండి.

300 లీటర్ల నీటికి రోజుకు ఒకటి రెండు క్యూబులకు సమానమైన మేత పడితే తక్కువ భారం. మూడు నుంచి ఐదు మధ్యస్థం. ఆరు దాటితే ఎక్కువ. ఇది అనుభవం మీద వేసుకున్న కొలతే, శాసనం కాదు. కానీ లీటర్ల అంకె కన్నా చాలా నమ్మకమైనది. మీ ఆరు చేపలకు, అందులో తెగ తినే ట్యాంగ్ ఉంది కాబట్టి, మూడు నాలుగు క్యూబుల మేత అనుకోవచ్చు.

దీనికి తగిన స్కిమ్మర్ కొలతలు: బాడీ వ్యాసం 130 నుంచి 150 మిల్లీమీటర్లు, నెక్ 90 నుంచి 100, పంపు లాగే గాలి గంటకు 400 నుంచి 600 లీటర్లు. గాలిని కొందరు గంటకు ఘనపుటడుగుల్లో చెబుతారు, ఒక ఘనపుటడుగు 28 లీటర్లు, 20 అంటే 566 లీటర్లు. ఇదే నీటిలో తక్కువ భారమైతే 100–110 బాడీ, గంటకు 250–300 లీటర్ల గాలి చాలు. పెద్ద మాంసాహార చేపలైతే 180–200 బాడీ, 800 పైగా గాలి కావాలి. లీటర్ల అంకె పక్కన పెట్టి ఈ మూడు కొలతలు అడగండి. నెక్ వ్యాసం చాలామంది చెప్పరు. అప్పుడు కప్పు ఊడదీసి స్కేలుతో కొలుచుకోవడమే.

గాలి అంకెను మాత్రం కొంచెం అనుమానంతో చూడండి. కొత్త పంపుతో, చప్పుడు తగ్గించే సైలెన్సర్ తీసేసి కొలిచిన అంకె అయి ఉండొచ్చు. సంపులో నీటి లోతు పెరిగితే గాలి తగ్గుతుంది. పైగా రెండు స్కిమ్మర్లు ఒకే గాలి లాగినా, ఎత్తైన బాడీలో బుడగ ఎక్కువసేపు నీటితో ఉంటుంది కాబట్టి అతుక్కునే అవకాశం ఎక్కువ. పొట్టి బాడీలో బలమైన పంపు బిగించి అంకె పెంచిన మోడళ్లుంటాయి. వాటిలో బాడీ అంతా సుడులు తిరుగుతుంది, నురగ నెక్ కింద నెమ్మదిగా కూర్చోదు. నడుస్తున్న స్కిమ్మర్ చూసే వీలుంటే నెక్ మొదట్లోకి చూడండి. అక్కడ బుడగలు ప్రశాంతంగా లేస్తుంటే మంచిది, కుతకుత ఉడికినట్టుంటే వద్దు.

నీటి ప్రవాహం గంటకు మొత్తం నీళ్ల పరిమాణానికి ఒకటి నుంచి రెండు రెట్లు స్కిమ్మర్ గుండా పోతే సరిపోతుంది. రిటర్న్ పంపు (సంపు నీటిని తిరిగి ట్యాంకులోకి పంపేది) పంపేదానికన్నా స్కిమ్మర్ ఎక్కువ లాగితే, అప్పుడే శుభ్రం చేసిన నీటినే తిరిగి తోడుకుంటుంది తప్ప లాభం లేదు.

సైజు ఖాయమయ్యాక సంపులో పడుతుందో లేదో చూసుకోవడం మర్చిపోయేవాళ్లు ఎంతమందో. నాలుగు కొలతలు కావాలి. పంపు బయటికి పొడుచుకొచ్చే మోడలైతే దానితో సహా అడుగు కొలత. సంపులో దాన్ని నిలబెట్టే గది లోపలి కొలత. స్కిమ్మర్ మొత్తం ఎత్తు, దాని మీద కప్పు పైకి లాగడానికి 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ. చివరిది, ముఖ్యమైనది, ఆ గదిలో నీటి లోతు. సంపులో పెట్టే స్కిమ్మర్లకు సాధారణంగా 18 నుంచి 23 సెంటీమీటర్ల లోతు అడుగుతారు, మాన్యువల్లో కచ్చితంగా ఉంటుంది. లోతు ఎక్కువైతే కింద యాక్రిలిక్ స్టాండ్ పెట్టి లేపొచ్చు. తక్కువైతే సంపు గదుల మధ్య అడ్డుగోడ ఎత్తు పెంచాలి, వేరే దారి లేదు.

ఆ నీటిమట్టం కదలకూడదు కూడా. ఒక సెంటీమీటరు తేడా వస్తే నురగ మట్టం మారిపోతుంది. రిటర్న్ పంపు ఉన్న గదిలో నీరు ఆవిరవుతున్న కొద్దీ మట్టం దిగుతుంది. స్కిమ్మర్ అక్కడ పెడితే పొద్దున పొంగి సాయంత్రం ఎండుతుంది. అడ్డుగోడ మట్టాన్ని కట్టిపడేసే మొదటి గదిలోనే పెట్టండి. ఆటో టాపప్ (ఆవిరైనంత మంచినీటిని దానంతట అదే నింపే ఏర్పాటు) ఉంటే ఇంకా మేలు.

కొన్ని విషయాలు సైజును ఒక మెట్టు అటూ ఇటూ జరుపుతాయి. నైట్రేట్ తగ్గించడానికి వోడ్కా, వెనిగర్ లాంటివి చుక్కలుగా వేసే పద్ధతి పాటిస్తుంటే, అక్కడ పెరిగే బ్యాక్టీరియాను బయటికి లాగేది స్కిమ్మరే, ఆక్సిజన్ అందించేదీ అదే. ఒక మెట్టు పెద్దది తీసుకోండి. సన్ కోరల్ లాంటి, వెలుగుతో కాక మేతతోనే బతికే కోరల్స్ ఉన్నా అంతే. సంపులో నాచు పెంచే రెఫ్యూజియం బాగా నడుస్తుంటే చిన్నదానితో సరిపెట్టుకోవచ్చు. ముందు ముందు చేపలు పెంచుతాం అనుకుంటే రాబోయే ఏడాది చేపలకు లెక్కేయండి. ఐదేళ్ల తర్వాత కొనబోయే పెద్ద ట్యాంకుకు ఇప్పుడే స్కిమ్మర్ కొని పెట్టుకోవద్దు.

డీసీ పంపు ఉన్నది తీసుకుంటే వేగం తగ్గించుకోవచ్చు కదా, పెద్దది కొంటే ఏమవుతుంది అంటారు. వేగం తగ్గితే గాలి తగ్గుతుంది, నెక్ మాత్రం సన్నబడదు. గాలి తగ్గి నెక్ అంతే ఉంటే నురగ ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది, దారిలోనే ఎండిపోతుంది. డీసీ పంపు పావు వంతు మేర సర్దుబాటుకు బాగుంటుంది, రెండింతల పొరపాటును అది దిద్దలేదు.

ఇప్పటికే పెద్దది కొనేసినవాళ్లు లోపలి నీటిమట్టం కొంచెం పైకి తెచ్చి, పలచటి టీ రంగు ద్రవం పడేలా తడిగా నడపొచ్చు. అప్పుడు ఉప్పు మీద కన్నేసి ఉంచాలి. రోజుకు ఒక లీటరు ద్రవం కప్పులోకి పోయి, ఆ లోటును ఆటో టాపప్ మంచినీటితో పూరిస్తే, రోజుకు 35 గ్రాముల ఉప్పు బయటికి పోయినట్టు. వారానికి 245 గ్రాములు. మీ 300 లీటర్లలో ఉన్న మొత్తం ఉప్పు పదిన్నర కిలోలు, అంటే లవణీయత వారంలో 35 నుంచి 34.2కు దిగుతుంది. రెండు మూడు వారాలు పట్టించుకోకపోతే కోరల్స్ ముడుచుకుంటాయి, కారణం వెతుకుతూ లైట్లను తిట్టుకుంటాం. తీసిన ద్రవం కొలత రాసుకుని, అంత ఉప్పునీరే పోయండి. స్కిమ్మర్ను టైమరుకు పెట్టి రాత్రి ఆపేయడం మాత్రం వద్దు. చీకట్లోనే ట్యాంకులో ఆక్సిజన్, పీహెచ్ పడిపోతాయి, ఆ వేళలోనే దాని గాలి ఎక్కువ అవసరం.

సరైన సైజు కొన్నా మొదటి రోజుల్లో అది తప్పుడు సైజులాగే కనిపిస్తుంది. కొత్త యాక్రిలిక్ మీద తయారీలో అంటిన నూనెపొర వల్ల వారం, ఒక్కోసారి రెండు మూడు వారాలు, ఇష్టం వచ్చినట్టు పొంగుతుంది లేదా అసలు నురగ కట్టదు. బిగించే ముందు వెనిగర్ కలిపిన నీటిలో కొన్ని గంటలు నడిపి కడిగితే ఈ గడువు కొంత తగ్గుతుంది. ఈ రోజుల్లో లోపలి నీటిమట్టం నెక్ మొదటికి రెండు సెంటీమీటర్లు కిందే ఉంచి వదిలేయండి. వాల్వ్ తిప్పితే ఒక్కసారికి పావు చుట్టు, ఆ తర్వాత 24 గంటలు చూడాలి.

పాతబడ్డాక కూడా సైజు మీద నింద పడే సందర్భాలు చాలా ఉన్నాయి. కోరల్ అతికించే ఎపాక్సీ పుట్టీ వాడితే ఆ రాత్రి కప్పు పొంగి పొర్లుతుంది. చేపల ఒంటి జిగురు పెంచుతాయనే వాటర్ కండిషనర్లు, కొన్ని మందులు కూడా అంతే. దీనికి విరుద్ధంగా, నూనె ఉన్న మేత వేసినప్పుడు, ట్యాంకులో మోచేతి దాకా చెయ్యి పెట్టినప్పుడు నురగ కొన్ని గంటలు కూలిపోతుంది. దానంతట అదే లేస్తుంది, ముట్టుకోకండి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది గాలి గొట్టం. గాలి, నీరు కలిసే సన్నటి రంధ్రం దగ్గర తుంపరలు ఎండి ఉప్పు గట్టిపడుతుంది. మొత్తం మూసుకుపోదు, రోజురోజుకూ కొద్దికొద్దిగా ఇరుకవుతుంది, అందుకే కంటికి ఆనదు. 500 లీటర్ల గాలి లాగాల్సిన పంపు 300 లాగుతూ, పైకి మాత్రం చక్కగా తిరుగుతూనే ఉంటుంది. వారానికోసారి గొట్టం చివర ఒక గ్లాసు గోరువెచ్చని మంచినీళ్లలో కొన్ని సెకన్లు ముంచితే పంపే ఆ నీటిని పీల్చుకుని ఉప్పు కరిగిస్తుంది. ఆ సమయంలో కప్పు పొంగకుండా ఒక చెయ్యి వాల్వ్ మీద ఉంచండి. నెక్ లోపలి జిగురు రెండు మూడు రోజులకోసారి తుడవాలి. మూడు నెలలకోసారి పంపు విప్పి, ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) సూదుల మీద పట్టిన సున్నపు పొర పోయేలా వెనిగర్లోనో సిట్రిక్ యాసిడ్ నీటిలోనో నానబెట్టాలి. ఈ మూడూ చేయకుండా స్కిమ్మర్ చిన్నదైపోయిందని తేల్చేయొద్దు.

స్కిమ్మర్ మీద ఆశ కూడా కొలతలో ఉండాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009 ప్రాంతంలో కొన్ని మోడళ్లను కొలిచి చూస్తే, నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో అవి తీసేసింది 20 నుంచి 35 శాతం మాత్రమే. మిగతా పదార్థం బుడగకు అతుక్కునే రకం కాదు, ఎంత పెద్దది పెట్టినా రాదు. అప్పటికే నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారిపోయినదాన్ని కూడా స్కిమ్మర్ లాగలేదు, అలా మారకముందే పట్టుకోవడమే దాని పని. ఇంకో చివర, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో కోరల్స్ పాలిపోతాయి, డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు పట్టుకుంటుంది. మీ సాఫ్ట్, ఎల్‌పీఎస్ కోరల్స్‌కు నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. 75 లీటర్ల లోపు నానో ట్యాంకులకైతే స్కిమ్మరే అక్కర్లేదు, వారానికి 10–15 శాతం నీళ్లు మారిస్తే ఆ పని అయిపోతుంది.

రేపు ఎప్పుడైనా మీ 150 మిల్లీమీటర్ల బాడీ స్కిమ్మర్ చాలట్లేదనిపిస్తే, ముందు గొట్టం, పంపు, నెక్ శుభ్రం చేసి, మేత మార్చకుండా, నీళ్ల మార్పు మామూలుగా చేస్తూ మూడు వారాలు వారానికోసారి నైట్రేట్ కొలిచి రాసుకోండి. అంకె అయినా పైకే పోతుంటే అప్పుడు 180 మిల్లీమీటర్ల బాడీ ఉన్నది చూడండి, దాని అడుగు కొలత మీ 40 సెంటీమీటర్ల సంపులో పడుతుందో లేదో ముందే స్కేలు పెట్టి.